కవరు కాదు

మొదటి వానకే కారింది
ఆరు వారాల కొత్త క్యారవాన్.
సీట్ల మీది ప్లాస్టిక్ తొడుగు ఇంకా చింపనే లేదు,
పరుపు మాత్రం తడిసి బరువెక్కింది.
కప్పు మూలన చింతపులుసు రంగు మరక,
రోజుకు వేలెడంత పెరుగుతోంది.

నేను ఓబులేసును.
కువైట్, షువైఖ్ సర్వీసు షెడ్డులో
వారంటీ ఫారాలు నింపేవాణ్ణి.
తేమ మీటరు, టార్చి, ఫోటోలు తీసే ఫోను,
ఇవే నా పనిముట్లు.
స్క్రూడ్రైవరు ముట్టుకోవద్దని ఆర్డరు.

సాల్మీ రోడ్డు, అరవయ్యో కిలోమీటరు.
చలికాలపు గుడారాల నడుమ
ఉమ్ ముబారక్ తనే వంగి చూపించింది
కిటికీ పైన అతుకు.
నాకు అరబ్బీ సగం వచ్చు, ఆమెకు హిందీ పావు వచ్చు.
నీళ్ళు కారడానికి భాష అక్కర్లేదు.

ఇరవై మూడు ఫోటోలు పంపాను, తేదీలతో సహా.
కప్పు చేసినవాడు కిటికీ చేసినవాణ్ణి చూపించాడు,
కిటికీవాడు జిగురువాణ్ణి,
జిగురువాడు ఎండను.
ఎండ ఏ ఫారంలోనూ సంతకం పెట్టదు.

చివరికి ఉత్తరం వచ్చింది:
అతుకులో ఇసుక చేరింది గనక
ఇది వాడకంలో లోపం. కవరు కాదు.

చదివి వినిపించాను. ఆమె నవ్వలేదు.
"ఎడారిలో అమ్మినారు కదా,
సముద్రంలో నిలబెడతాననుకున్నారా?"
ఆ మాట రాయడానికి ఫారంలో గడి లేదు.
నాలుగో గడిలో నా చేత్తోనే రాశాను
కస్టమర్ తప్పిదం అని.
"రాసేది నువ్వు కాదు, కంపెనీ" అన్నాడు బిజోయ్ సార్
నా భుజం తట్టి, టీ తెప్పించి.

మా వేంపల్లె సంతలో
కుండను వేలి కణుపుతో కొట్టి, విని, కొంటారు.
ఖంగుమంటే బేరం, బొద్దుమంటే పక్క కుప్ప.
పగిలినాక వచ్చి అడిగేవాడు లేడు,
మోగించకుండా అమ్మేవాడూ లేడు.
ఈ క్యారవాన్‌ను ఎవరూ వేలితో కొట్టి చూడలేదు.

శుక్రవారం
ముప్పావు దీనారు పెట్టి తెల్ల సీలెంటు ట్యూబు కొన్నాను.
నీళ్ళ ట్యాంకరు షఫీకుల్ పక్కన కూర్చుని
అరవయ్యో కిలోమీటరు దగ్గర దిగాను.
పాత జిగురు గీకేశాను, చప్పరించి పారేసిన టెంకలా వచ్చింది.
సబ్బునీళ్ళలో బొటనవేలు ముంచి
కిటికీ చుట్టూ ఒకే ఊపిరిలో గీత లాగాను.
ఆమె ఖర్జూరాలు పెట్టింది,
ఏలకుల గహ్వా మూడుసార్లు పోసింది.
డబ్బు ఇవ్వబోయింది. వద్దన్నాను. మళ్ళీ ఇవ్వబోలేదు,
అదీ నాకు నచ్చింది.

రాత్రి గదికొచ్చి ఎనిమిదో నిబంధన చదివాను:
బయటివాళ్ళు మరమ్మతు చేస్తే
వారంటీ మొత్తం రద్దు.
నేను బయటివాణ్ణా, లోపలివాణ్ణా?
అకామా చూస్తే లోపలివాణ్ణే.
కానీ అది శుక్రవారం కదా.

రెండు నెలలకు ఇంకో ఉత్తరం:
మనసు మార్చుకున్నాం, మళ్ళీ పరిశీలించండి,
నిపుణుణ్ణి పంపండి.
ఆ నిపుణుణ్ణి నేనే.

నా గీతను నేనే ఫోటో తీశాను,
చివర్లో నా బొటనవేలి ముద్ర పడకుండా
ఫోను కొంచెం పక్కకు తిప్పి.
మీటరు ముల్లు పొడి దగ్గర ఆగింది.
లోపం కనబడలేదు.
ఆ గడిలో నేను రాసిన మొదటి నిజం.
పరుపుకు రావలసిన డబ్బులు దాంతోనే పోయాయి.

ఆమెకు చెప్పాను, సగం అరబ్బీలో.
పరుపు వైపు చూసింది. ఎండలో వేసి ఉంది,
మధ్యలో పసుపు మచ్చ, చుట్టూ ఇసుక.
"పోనీ" అన్నట్టు చెయ్యి ఊపింది,
లేదా ఈగను తోలింది. సరిగ్గా తెలీదు.

ఈ రాత్రి షువైఖ్‌లో మళ్ళీ వాన.
గదిలో అయిదుగురం. ఏసీ కన్నంలోంచి
చుక్క తర్వాత చుక్క.
బకెట్టు జరిపి పెట్టుకుని పడుకున్నాను
సాల్మీ రోడ్డు వైపు
చెవి వేసి.